మోదుగుంట ఎదురుకోలమ్మ

మోదుగుంట రోడ్డు రైల్వే స్టేషన్‌లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం గోడపై శ్రీ ఎదురుకోలమ్మ తల్లి చిత్రరూపంలో కొలువై ఉన్నది. ఇక్కడ గర్భగుడి లేదు, ధ్వజస్తంభం లేదు. రైలు దిగినవారు చెప్పులు విడిచి నేరుగా గోడ ముందుకు వచ్చి నమస్కరిస్తారు. తల్లి ఎర్రని రంగు మీద పసుపు ముఖంతో, చేత రాగి చెంబుతో దర్శనమిస్తుంది.

పూర్వం ఇక్కడ ఉత్త సున్నపు గోడ ఉండేది. చుట్టుపక్కల పల్లెలవారు బొంబాయి పనులకు ఈ స్టేషన్ నుంచే బయలుదేరేవారు. స్టేషన్‌ను అందంగా తీర్చిదిద్దాలని తలచిన రైల్వేవారు, గోడపై బొమ్మలు వేసే పనిని, పటాలపై దేవతల కథలు చిత్రించే నకాశీ చిత్రకారిణి కనకలక్ష్మికి అప్పగించారు. వెళ్లేవారిని చేయెత్తి దీవించి సాగనంపే గ్రామదేవతను ఆమె నమూనాగా గీసి ఇవ్వగా అధికారులు మంజూరు చేశారు. రంగుల పని సగానికి పైగా అయింది. కళ్లు మాత్రం ఆచారం ప్రకారం చివరికి ఉంచింది.

ఆ ప్లాట్‌ఫారం మీద జామపండ్లు అమ్మే బాలకిష్టమ్మ రోజూ ఆ పని చూస్తుండేది. ఆమె భర్త బుచ్చన్న బొంబాయి వెళ్లి ఏళ్లు గడిచినా కబురు లేదు. ఒకనాడు ఆమె కనకలక్ష్మితో, "పోయెటోళ్లను సాగనంపనీకె ఇంటిల్లిపాది వస్తరు బిడ్డా. ఒట్టి చేతులతోని తిరిగొచ్చెటోనికి ఎవరొస్తరు? మొగం చెల్లక అక్కడనే ఉండిపోతరు" అన్నది.

ఆ మధ్యాహ్నం వెయిటింగ్ హాలులో నడుము వాల్చిన కనకలక్ష్మికి కలలో అమ్మవారు కనిపించి, "వచ్చినోళ్ల కాళ్లకు నీళ్లియ్యాలె. నా చేతికి చెంబేది?" అని అడిగింది. ఆమె ఉలిక్కిపడి లేచి, స్టేషన్ మాస్టరు శేషాచార్యుల వద్దకు వెళ్లి, వేసినదంతా చెరిపి మళ్లీ వేస్తానన్నది. ప్రారంభోత్సవం దగ్గరపడింది. ఆలోగా బొమ్మ పూర్తి కాకుంటే గోడకు తిరిగి సున్నం వేయించమని పైనుంచి ఉత్తర్వు ఉన్నది. అయినా ఆయన, "నా తమ్ముడూ ఇల్లు వదిలి వెళ్లినవాడే. చెరపండమ్మా, పైవారికి నేను చెప్పుకుంటాను" అన్నారు.

ఊరి ఆడవారంతా తలస్నానం చేసి తడిబట్టలతో వచ్చి గోడ కడిగారు. కనకలక్ష్మి అమ్మవారిని రైలు దిగేవారికి ఎదురుగా నిలిపి, చేతికి చెంబు ఇచ్చింది. ప్రారంభోత్సవం ఉదయాన కళ్లు దిద్దింది. బాలకిష్టమ్మ ఇంటికి పోయి బిందె తెచ్చి, ఆనాటి నుంచి రైలు దిగినవారి కాళ్లకు నీళ్లు పోయసాగింది. కొందరు నవ్వారు. కొందరు కంటతడి పెట్టారు. మోదుగుంటలో ఒక తల్లి ఏమీ అడగకుండా కాళ్లకు నీళ్లిస్తుందన్న మాట మెల్లగా బొంబాయి బస్తీలకూ చేరింది.

ఒక శ్రావణమాసంలో బాలకిష్టమ్మ వరుసగా నీళ్లు పోస్తుండగా ఒకరి కాళ్లు ముందుకు రాలేదు. "ముందటికి జరుగు నాయినా" అని తల వంచుకునే పిలిచింది.

"ఏం తేలేదే, బాలకిష్టీ" అన్న గొంతు వినబడింది.

బుచ్చన్న. ఆమె బిందెలోని నీళ్లన్నీ ఆ పాదాల మీదే కుమ్మరించి, "గోడ మీది అమ్మ అడుగుతున్నదా, ఏం తెచ్చినవని?" అన్నది.

నేటికీ ఈ ప్రాంతపు ఇళ్లలో, దూరం నుంచి వచ్చినవారు అన్నం తినేదాకా ఏం తెచ్చావని ఎవరూ అడగరు. తల్లిని కొలిచినవారికి దూరమైనవారు దగ్గరవుతారని భక్తుల నమ్మకం. ఇక్కడ కొబ్బరికాయలు, కానుకలు స్వీకరించబడవు. దర్శనం చేసుకున్న భక్తులు తమ వెనుక దిగినవారి కాళ్లకు ఒక చెంబెడు నీళ్లు పోసి వెళ్లవలసిందిగా ప్రార్థన.