సూదులు ఉడికిన పాలు

అనగనగా ఒక ఊరు. మన వైపుది కాదర్రా, సముద్రాలకు అవతల, ఏడాదిలో సగం మంచు కురిసే దేశంలోది. ఆ ఊళ్ళో మర్గిత అని ఒక కోడలుపిల్ల. అత్తగారి పేరు ఊర్సుల. ఊ కొడుతున్నారా? కొట్టాలి మరి, లేకపోతే కథ అలిగి కూర్చుంటుంది.

ఆ ఇంట్లో ఉన్నట్టుండి వెన్న పడటం మానేసింది. మర్గిత చిలికింది, చిలికింది, భుజాలు పడిపోయేలా చిలికింది. నురగే గానీ వెన్న లేదు. ఎవరో మంత్రం వేశారని అత్తగారు గుమ్మానికి గుర్రపు నాడా కొట్టింది, వెన్న పడలేదు. కవ్వానికి ఎర్రదారం కట్టింది, వెన్న పడలేదు. పొయ్యిలో ఉప్పు చల్లింది, చిటపటలాడింది గానీ వెన్న పడలేదు.

"ఆవు నిండు చూడితో ఉంది కదత్తా, ఈనే ముందు పాలు ఇలాగే ఉంటాయని మా అమ్మ అనేది," అంది మర్గిత.

"అంటుంది, మీ అమ్మ కాకపోతే ఇంకెవరంటారు," అంది అత్త.

ఆ మాటలో ముల్లుంది. మర్గిత వాళ్ళమ్మ అగాత ఆ ఊళ్ళోనే, కొండ కింద ఒంటరిగా ఉండేది. ఆకుపసర్లు తెలుసు, తోడుకి ఒక నల్లపిల్లి. మంత్రగత్తె అని పేరు పెట్టడానికి ఆ దేశంలో ఇంకేం కావాలర్రా? పేరు పడితే కాళ్ళూ చేతులూ కట్టి చెరువులో పడేస్తారు. తేలితే మంత్రగత్తెట. మునిగితే మంచిదట. మునిగిపోయాక మంచిదై ఏం లాభం?

ఒకరోజు పొద్దున్నే ఊర్సుల పాలలో సూదులు వేసి పొయ్యి మీద పెట్టింది. అది వాళ్ళ పద్ధతి. ఆ సూదులు మంత్రం వేసినదాని కడుపులో గుచ్చుకుంటాయట. ఓర్చుకోలేక ఆ ఇంటికే పరిగెత్తుకొచ్చి ఏదో ఒకటి అరువు అడుగుతుందట. పాలు ఉడుకుతుండగా వీధి గుమ్మం దాటొచ్చి ముందు ఎవరు అడిగితే వాళ్ళే మంత్రగత్తె. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు సాక్ష్యానికి కూర్చున్నారు.

మర్గిత కిటికీలోంచి చూసింది. కొండ కింద నుంచి వాళ్ళమ్మ వస్తోంది, నిప్పు అడగడానికి, చేతిలో ఖాళీ కుండ. రాత్రి మంచుకి పొయ్యి ఆరిపోయి ఉంటుంది పాపం. కేకేసి ఆపుదామంటే ఇంటినిండా జనం. అత్తకు మొక్కుదామంటే, అమ్మే చేసిందని ఒప్పుకున్నట్టు అవుతుంది. అమ్మ ఇంకో మలుపు తిరిగింది. మర్గితకి ఏ దారీ కనపడలేదు. ఉన్నది ఒక్కటే దారి, అది దారి కాదు.

పెరటి తలుపులోంచి బయటపడి, ఇల్లు చుట్టి వచ్చి, వీధి గుమ్మం దాటి నిలబడింది. "అత్తా, చారెడు ఉప్పు అరువిస్తావా?" అంది.

పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. వెనకాలే అగాత వచ్చి నిప్పు అడిగింది, కానీ రెండో మనిషితో వాళ్ళకేం పని?

ఇంటి కోడల్ని చెరువులో వేస్తే ఇంటికే పరువు తక్కువని, ఊరు వదిలి పొమ్మన్నారు. మొగుడు తన బూట్ల వంక చూస్తూ ఉండిపోయాడు. కట్టుబట్టలతో మంచులో నడిచి అమ్మ గుమ్మానికి వెళితే, తలుపు వేసి ఉంది.

"నువ్వేనా చేసింది?" అని లోపలినుంచి అగాత అడిగింది.

కాదంటే, మరి ఉప్పెందుకు అడిగావంటుంది. నీ కోసమేనని నిజం చెబితే, ఆ చెరువుకి నేనే వెళతానని బయల్దేరుతుంది. తెలుసు మర్గితకి. "నేనేనమ్మా," అంది.

తర్వాత గడియ తీసిన చప్పుడు.

"అయితే అయ్యావులే. లోపలికి రా, కాళ్ళు తడిశాయి," అంది అగాత. భయపడుతూనే కూతురి కాళ్ళు తుడిచిందట.

మర్నాడు ఇద్దరూ పిల్లినెత్తుకుని కొండ దాటి వెళ్ళిపోయారు. ఆవు ఈనింది, వెన్న పడింది. చూశారా, పీడ పోయిందని ఊరంతా సంతోషంగా రొట్టెలకి రాసుకు తిన్నారు. అగాత కూడా చివరిదాకా కూతురే చేసిందని నమ్మింది. నమ్మి, అన్నం పెట్టింది.

అందుకనర్రా, ఎవరైనా గుమ్మంలోకొచ్చి ఇంత ఉప్పు అడిగితే, ఎందుకని అడక్కండి, పెట్టి పంపండి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.