తుయెత్ మొదటి జాడీ

తుయెత్ జాడీ చెడిపోయింది. ఆరేళ్ల శిష్యరికం తర్వాత, మే సెన్ చెయ్యి పడకుండా, తనంతట తాను పెట్టిన మొదటి జాడీ అది. మూత తీసేసరికి, ఎర్రగా నిగనిగలాడాల్సిన రొయ్యలు బూడిదరంగుకి తిరిగి, మెత్తబడి, చెరువు అడుగు బురద వాసన కొట్టాయి.

వియత్నాంలో, హ్యూ పట్టణంలో, మామ్ పెట్టని ఇల్లుండదు. చిన్న రొయ్యల్ని ఉప్పు, జిగురు బియ్యపు అన్నం, అల్లంలాంటి దుంపరాష్ట్రం, వెల్లుల్లి, మిరపకాయలతో కలిపి పులియబెట్టే పచ్చడి అది. ఎవరింట్లో ఎంత బాగా పెట్టినా, మే సెన్ మామ్ ఒకసారి తిన్నవాళ్లు ఇంకోచోట వంక పెట్టకుండా తినలేరు. ఆ ఊళ్లో పెద్దావిడల్ని ‘మే’ అని పిలుస్తారు. డెబ్బై దాటిన ఆవిడ దగ్గర ఇద్దరే శిష్యురాళ్లు. పెద్దది తుయెత్. రెండోది లూ, వచ్చి నాలుగు నెలలైంది. నది మీద పడవలో పుట్టి పెరిగిన పిల్ల. వెనక్కి పోదామన్నా ఇప్పుడా పడవ లేదు. తండ్రి అమ్ముకుని తాగేశాడు.

జాడీ ఎందుకు చెడిందో తుయెత్‌కి తెలుసు. రొయ్యలు శుభ్రం చేసిన రోజు లూ నెలసరిలో ఉంది. పెరట్లో చాటుగా ఆరేసిన గుడ్డలు తను కళ్లారా చూసింది. అలాంటప్పుడు ఆడది ముట్టుకుంటే మామ్ కుళ్లిపోతుందని తుయెత్ అత్తగారు చెప్పేది. అత్తగారికి వాళ్ల మామగారు చెప్పాడట. ఆయన జన్మలో ఒక్క రొయ్య తల గిల్లిన పాపాన పోలేదు.

తుయెత్ ఇదంతా మే సెన్‌కి చెప్పింది. గిన్నెలు తోముతున్న లూకి వినబడేంత గట్టిగానే చెప్పింది. ఆ పిల్ల మీద తనకేం కోపం లేదంది, పాపం అని కూడా అంది. కానీ జాడీల మీద బతికే ఇంట్లో అయితే ఆమె ఉండాలి, లేదా తను ఉండాలి అంది.

లూ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. నిజమేనా అని మే అడిగితే, నిజమే అంది.

“చెప్తే ఆ నాలుగు రోజులూ కూర్చోబెట్టి ఎవరు తిండి పెడతారు, మే?”

మే సెన్ చెడిన రొయ్య ఒకటి తీసి నాలిక మీద పెట్టుకుంది. తుయెత్ మొహం తిప్పుకుంది. ముసలావిడ నింపాదిగా చప్పరించి, పెరట్లోకి పోయి ఉమ్మేసి వచ్చింది.

“మళ్లీ నెలసరి ఎప్పుడు?” అని లూని అడిగింది.

“ఇంకో పది రోజులుంది.”

“సరే, ఆ రోజే మళ్లీ పెడదాం.”

ముసలావిడకి మతి పోయిందనుకుంది తుయెత్. అయినా ఆ పది రోజులూ లూ వైపు చూడకుండా ఓపిక పట్టింది.

పదకొండో రోజు లూకి నెలసరి వచ్చింది. ఆ పొద్దున్నే బుట్టెడు రొయ్యలు కూడా వచ్చాయి. మే పీట వేసుక్కూర్చుంది. ఆ రోజు ఏం చేశారో అదే చెయ్యమంది. ఒక్కటి ఎక్కువ కాకూడదు, ఒక్కటి తక్కువ కాకూడదు.

లూ రొయ్యల తలలూ మీసాలూ కత్తిరించింది. తుయెత్ వాటిని బియ్యపు సారాలో కడిగి నాననిచ్చింది. నానేకొద్దీ రొయ్యలు ఎర్రబడ్డాయి. ఇక ఆ తర్వాత వాటికి నీటిచుక్క తగలకూడదు. తగిలితే పులియవు, కుళ్లుతాయి. మే మొదటిరోజు నేర్పే పాఠం అదే. దాన్ని లూ చేత వల్లె వేయించింది తుయెత్తే, తప్పు చెప్పినప్పుడల్లా మొట్టికాయ వేసి మరీ.

లూ సారా వంచేసి, రొయ్యల్ని రెండు చేతులా ఎత్తి చిల్లుల బుట్టలో వేసింది. వేసి, దుంపరాష్ట్రం తరగడానికి అవతలికి వెళ్లింది.

“అప్పుడేం చేశావు?” అని తుయెత్‌ని అడిగింది మే.

“అప్పుడే పెరట్లో గుడ్డలు చూశాను.”

“చూసి?”

తుయెత్ బుట్ట మీదికి వంగింది. కుడిచెయ్యి దానంతటదే పక్కకి పోయి, నీళ్ల కుండలో కొబ్బరిచిప్ప ముంచింది. రొయ్యల మీదికి వచ్చి ఆగిపోయింది.

ఆ రోజు పోసినవాటిని ఆమె నీళ్లనుకోలేదు, శుద్ధి అనుకుంది. అలా అనుకున్నట్టు కూడా ఈ క్షణం దాకా గుర్తులేదు.

చిప్ప అంచు నుంచి ఒక బొట్టు జారబోయింది. తుయెత్ ఎడమ అరచెయ్యి కింద పట్టింది.

“ఆగావేం? ఆ రోజు ఎన్నిసార్లు పోశావు?”

“మూడుసార్లు.”

“మూడెందుకు?”

“రెండుసార్లు పోసినా పోలేదనిపించింది.”

“ఏం పోలేదు?”

అవతల కత్తి చప్పుడు ఆగిపోయింది.

మే మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. “మరి ఇప్పుడు ఎవర్ని పంపించెయ్యమంటావు?” అంది. జవాబు కోసం నిలబడకుండా వీధిలోకి వెళ్లిపోయింది.

తుయెత్ చిప్పలో నీళ్లు పెరట్లో పారబోసి, చెయ్యి పొడిగా తుడుచుకుంది. అన్నం గిన్నె ముందుకి లాక్కుని ఉప్పూ, మిరపకాయలూ, వెల్లుల్లీ వేసింది. లూ తెచ్చిన దుంపరాష్ట్రం ముక్కలు అందుకుని అవీ వేసింది. రొయ్యల్ని అందులో బోర్లించి, గిన్నెని లూ ముందుకి జరిపింది.

“నేనా, అక్కా?”

“చేత్తో కలుపు,” అంది తుయెత్. “గరిటెతో అయితే చితికిపోతాయి.”