పిలుపు అందని నలభై ముగ్గురు

సోమవారం ఉదయం ఆరూ నలభైకి బొబ్బిలిలో గౌరునాయుడు ప్రింటరు మీద దుమ్ము తుడిచి, దానికి కుంకుమ బొట్టు పెట్టాడు.

"ఈ వీధిలో కంప్యూటరున్న ఇళ్ళు ఇరవై. దానికి సరిపడా బుర్రున్న ఇల్లు ఒక్కటే," అన్నాడు పెద్దన్న అప్పలకొండ. నడిమివాడు సింహాద్రి ఔనన్నాడు. తల్లి పైడితల్లమ్మ కూడా ఔనంది, గోడ వైపు తిరిగి. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, కొడుకులు ఎటున్నారో ఆమెకు తెలియడం లేదు.

తండ్రి పేరు మీద ఏటా వాళ్ళ వసారాలో కంటి శిబిరం జరుగుతుంది. శుక్రవారం విశాఖపట్నం నుంచి డాక్టరు వస్తాడు. శుక్లాలున్న వాళ్ళను తన వ్యానులోనే ఆపరేషనుకు తీసుకెళ్తాడు. ఈసారి తప్పితే పైడితల్లమ్మకు మళ్ళీ ఏడాది వరకు చూపు లేదు.

జాబితాలో పేర్లు రెండు వందల పన్నెండు. ఉత్తరం ఒకటే. ఒక్కొక్కరి పేరూ ఊరూ అందులో వేసి అచ్చు తియ్యడం కంప్యూటరు పని. గౌరునాయుడు మీట నొక్కాడు. నూట అరవై తొమ్మిదే వచ్చాయి. బొబ్బిలి వాళ్ళవి నలభై మూడూ రాలేదు. అందులో పైడితల్లమ్మదీ ఉంది.

"లోపల ఇరుక్కున్నాయిరా," అని సింహాద్రి ప్రింటరును తలకిందులు చేసి దులిపాడు. నల్ల పొడి పడింది. ముగ్గురి మొహాలూ నల్లబడ్డాయి.

కంప్యూటరు దుకాణం ముకుందానికి ఫోను చేశారు.

"పోయినేడు ఊళ్ళో వాళ్ళకు ఆటోలో మైకు పెట్టి చెప్పించారు కదా," అన్నాడు ముకుందం. "అందుకని, ఊరి గడిలో బొబ్బిలి అని ఉంటే ఆ పేరు వదిలెయ్యమని నిబంధన పెట్టాను. అది తీసెయ్యండి, చాలు. అయినా మీ అమ్మగారికి ఉత్తరమెందుకు? గదిలోంచి వసారాలోకి రావడమేగా?"

పైడితల్లమ్మ ఆ మాట విని మండిపడింది. "పిలవని పేరంటానికి నేను రాను! నా మొగుడి పేరు మీద జరిగేదానికి పిలుపు లేకుండా వస్తే నలుగురూ నవ్వరూ?"

"నిజమే అమ్మా," అన్నారు కొడుకులు.

"నిబంధన తీసెయ్యమంటాడేట్రా ఆ ముకుందం? నిబంధన తప్పడం మన ఇంటా వంటా ఉందా?" అన్నాడు అప్పలకొండ.

"మరేటి చేద్దాం?" అన్నాడు సింహాద్రి.

"ఆ నిబంధన బొబ్బిలిలో ఉన్నోళ్ళకి కదా. అమ్మ బొబ్బిలిలో లేకపోతే?"

అంతే. తల్లిని ఆటో ఎక్కించి సాలూరు తీసుకెళ్ళి, టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టారు.

"ఇది సాలూరేనా?" అందామె.

"బోర్డు చూడమ్మా, ఎంత పెద్దగా రాశారో!"

ఇంట్లో ఉన్న గౌరునాయుడికి సింహాద్రి ఫోను చేశాడు. "అమ్మ దిగిపోయింది. నొక్కు!"

నొక్కాడు. మళ్ళీ అవే నూట అరవై తొమ్మిది.

"ఒక్కరు కదిలితే దానికి ఆనలేదు. అందర్నీ కదపాలి," అన్నాడు అప్పలకొండ. ఇంకేముంది! బస్సు మాట్లాడారు. మిగతా నలభై ఇద్దరినీ చేతులు పట్టుకుని ఎక్కించి సాలూరులో దించారు. ఎందుకని అడిగిన వాళ్ళకు "మీరిక్కడుంటే మిమ్మల్ని ఇక్కడికి పిలవడం కుదరదు" అని చెప్పారు. గౌరునాయుడు మూడోసారి నొక్కాడు. మళ్ళీ నూట అరవై తొమ్మిదే.

సంగతి తెలిసి ముకుందం చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. "కదపాల్సింది మనుషుల్ని కాదు నాయుడూ, నిబంధనని!" అని నెత్తి కొట్టుకుని, రెండు మీటలు నొక్కి దాన్ని తీసేశాడు. ఈసారి రెండు వందల పన్నెండూ వచ్చాయి.

గౌరునాయుడు నలభై మూడు ఉత్తరాలూ పట్టుకుని సాలూరు పరిగెత్తాడు. చదవగల కళ్ళు అక్కడ ఎవరికీ లేవు గనక ఒక్కొక్కటీ తనే పైకి చదివాడు. పైడితల్లమ్మ తన ఉత్తరాన్ని మడిచి బొడ్లో దోపుకుంది. "పిలుపంటే ఇదీ. పదండి!"

శుక్రవారం డాక్టరు నలభై ముగ్గురినీ చూశాడు. వ్యానులో మొదట ఎక్కింది పైడితల్లమ్మే.

"బయటి ఊళ్ళ నుంచి ఒక్కరూ రాలేదేం?" అన్నాడు డాక్టరు.

అప్పలకొండ మనసు నొచ్చుకుంది. "ఒక్కొక్కరినీ నాలుగేసి సార్లు పిలిచామండీ. రాలేదు. ఏం మనుషులో!"

"పోనీ, వచ్చే నెల మళ్ళీ వస్తాను. ఇంకోసారి పిలవండి."

"అయిదోసారా? మాకూ పౌరుషం ఉందండి!"

తర్వాతి బుధవారం పైడితల్లమ్మ కట్టు విప్పించుకుని ఇంటికి వచ్చింది. ముగ్గురు కొడుకుల మొహాలూ చూసుకుంది. వసారాలో రోగుల్ని కూర్చోబెట్టిన ఎత్తు పీట మీద దుప్పటి మాసి కనిపిస్తే, ఉతుకుదామని లాగింది. కింద పీట లేదు. పురికొసతో కట్టిన కట్టలున్నాయి. ఆరు వందల డెబ్బై ఆరు ఉత్తరాలు. ఒక్కదానికీ స్టాంపు లేదు.