సుంకమ్మ దాటిన వాగు

వెనకటికి, మన తాతల తాతలు కూడా ఇంకొకరు చెబితే విన్న కాలంలో, ఒక వాగు ఉండేది. వాగుకి ఇవతల నేరేళ్ళపల్లె. అవతల ఈతలపాడు. వానలు వెనకబడితే వాగు ఎండిపోయేది. రెండూళ్ళ మధ్య ఇసుక మిగిలేది. ఆ ఇసుకలో రెండూళ్ళవాళ్ళూ బంతాట ఆడేవాళ్ళు. ఇప్పుడు మీరు ఫుట్‌బాల్ అంటున్నారే, అదే. తోలుబంతి ఒకటి. అటు రెండు ఈతమొద్దులు, ఇటు రెండు ఈతమొద్దులు. అవతలివాళ్ళ మొద్దుల మధ్య నుంచి బంతి పోతే గెలుపు.

ఆడేది కొందరు, చూసేది ఊరంతా. ఆట ముగిశాక ఆడినవాళ్ళు అలసి నిద్రపోయేవాళ్ళు. చూసినవాళ్ళకే నిద్ర పట్టేది కాదు.

నేరేళ్ళపల్లె అరుగుల మీద ఒకటే మాట: "మనం నెమ్మదస్తులం. మాట మీద నిలబడేవాళ్ళం. పొగరంతా అవతలివాళ్ళదే."

ఈతలపాడు అరుగుల మీదా ఒకటే మాట: "మనం నెమ్మదస్తులం. మాట మీద నిలబడేవాళ్ళం. పొగరంతా అవతలివాళ్ళదే."

ఈ రెండు మాటలూ రోజూ వినే మనిషి ఒక్కతే. ఆమె పేరు సుంకమ్మ. ఈతచాపలు అల్లుకుని బతికేది. నేరేళ్ళపల్లెలో కాపురం, చంకలో పాలుతాగే ఆడపిల్ల. ఆమె అక్క బాలక్కను ఈతలపాడుకి ఇచ్చారు. బాలక్కకు మగబిడ్డ పుట్టాడు. పుట్టీ పుట్టగానే తల్లికి జ్వరం పట్టుకుంది. పాలు పడలేదు. మేకపాలు పోస్తే బిడ్డ కక్కేవాడు. ఆ ఊళ్ళో అప్పుడు పాలిచ్చే తల్లి ఇంకొకతె లేదు. అందుకని సుంకమ్మ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలవేళ ఒకసారి వాగు దాటి వెళ్ళేది. కుడి రొమ్ము తన బిడ్డకి, ఎడమ రొమ్ము అక్క బిడ్డకి.

వాగు దాటేముందు ఇక్కడి మాట వినేది. దాటాక అక్కడ అదే మాట వినేది. తనలో తాను నవ్వుకునేది. ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు.

ఒకనాడు ఈతలపాటివాడు తన్నిన బంతి మొద్దుల మధ్య నుంచే పోయింది. కాని మనిషి తలకన్నా ఎత్తున పోయింది. గెలిచాం అన్నారు వాళ్ళు. అంత ఎత్తున పోతే చెల్లదు అన్నారు వీళ్ళు. మొద్దుల మీద ఒక అడ్డకర్ర వేసుకుందామన్న బుద్ధి ఏ ఊళ్ళోనూ ఎవరికీ పుట్టలేదు. కొట్టుకోవడానికి కర్రలు మాత్రం బాగానే దొరికాయి.

ఆ సాయంత్రం నేరేళ్ళపల్లెవాళ్ళు తమ ఊరి అమ్మవారి ముందు కొబ్బరికాయ కొట్టి ఒట్టు పెట్టుకున్నారు. అవతలివాళ్ళను ఓడించేదాకా ఈ ఊరి మనిషి వాగు దాటకూడదు, ఆ ఊరి మనిషిని దాటనివ్వకూడదు. ఈతలపాటివాళ్ళూ తమ అమ్మవారి ముందు అదే ఒట్టు పెట్టుకున్నారు. ఎవరూ గెలవకపోతే ఏం చేయాలని రెండూళ్ళలో ఒక్కరూ అడగలేదు. మనం గెలవకపోవడమా అనుకున్నారు. కళ్ళు నెత్తికెక్కినవాడికి కాలికింద గుంట కనపడదు.

మొదటి రోజు ఆడారు. ఓడితే ఊరు నవ్వుతుందని భయం. అందరూ తమ తమ మొద్దుల ముందే గుంపుకట్టారు. బంతి నడిమధ్యన ఇసుకలో పడి ఉంది. ఎవరూ గెలవలేదు. రేపు తేల్చుకుందామన్నారు.

ఆ దీపాలవేళకి రెండు గట్ల మీదా కాపలా పెట్టారు; సుంకమ్మ రేవుకి వెళితే తన ఊరి కాపలావాళ్ళే ఆపారు. మేం మంచివాళ్ళం కాబట్టి మెల్లగా చెబుతున్నాం, ముందు వాళ్ళని దారి వదలమను అన్నారు. ఆమె తిరిగి వచ్చింది. ఎడమ రొమ్ము సలిపింది. రవిక తడిసింది. పడుకుంది, లేచింది, గడపలో నిలబడింది, మళ్ళీ పడుకుంది. చాప అల్లబోతే ఈనె తెగింది.

రెండో రోజూ ఆడారు. ఎవరూ గెలవలేదు. రేపు తేల్చుకుందామన్నారు.

సుంకమ్మ ఈసారి పొదలచాటున ఎగువకి నడిచి, అక్కడ వాగులో దిగి, అవతలి గట్టు దాకా పోయింది. ఈతలపాటి కాపలావాళ్ళు ఆపారు. మేం మంచివాళ్ళం కాబట్టి మెల్లగా చెబుతున్నాం, ముందు వాళ్ళని దారి వదలమను అన్నారు. అక్క ఇల్లు ఆ గట్టునే ఉంది. బిడ్డ ఏడుపు వినపడుతోంది. ఏడుపంటే ఏడుపు కాదు, పిల్లికూన మూలిగినట్టుంది.

ఇంటికి వచ్చి మొగుడికి చెప్పింది. మొగుడు పుల్లన్న నేరేళ్ళపల్లె మొద్దుల దగ్గర కాపు కాసేవాడు. ఒక్కరోజు ఓర్చుకో, రేపు గెలిచి దారి తెరుస్తాం అన్నాడు. అవతల బాలక్క మొగుడు తిప్పన్న, ఆ బిడ్డను కన్న తండ్రి, ఈతలపాటి ఆటగాళ్ళలో మొనగాడు. వాడూ తన పెళ్ళానికి అదే చెప్పాడు. రేపు గెలిచి దారి తెరుస్తాం అన్నాడు.

మూడో రోజూ ఆడారు. రెండు గట్ల మీదా రెండూళ్ళూ అరుస్తున్నాయి. సుంకమ్మ గట్టు మీద ఒకచోట నిలవలేకపోయింది. ఈ చివరికి నడిచింది, ఆ చివరికి నడిచింది. అరుపులు తగ్గినప్పుడల్లా అక్క ఇంటివైపు చెవి పెట్టింది. ఒకసారి విన్నది. రెండోసారి విన్నది. మూడోసారి విన్నది. అక్కడి నుంచి ఏ చప్పుడూ రాలేదు.

తన బిడ్డను చంకనేసుకుని ఇసుకలోకి దిగింది. ఆట నడుస్తుండగానే మధ్యలో నుంచి నడిచింది. బంతి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర ఆగింది. ఆమె దానివైపు చూడలేదు. మనం గెలవబోతున్నామని చూసి అవతలివాళ్ళే ఈమెను పంపారు అని రెండు గట్లవాళ్ళూ కేకలు వేశారు. ఆటగాళ్ళందరూ వచ్చి అడ్డంగా నిలబడ్డారు. విచిత్రం చూడండి, మూడు రోజుల్లో ఆ రెండూళ్ళవాళ్ళూ ఒకే వరసలో నిలబడింది అప్పుడే.

పుల్లన్న తల దించుకుని అన్నాడు. "ఇంటికి పోవే. ఆట చెడుతుంది."

"ఆట చెడితే రేపు ఆడుకుంటారు మామా. వాడు పోతే రేపటికి వస్తాడా?"

"సుంకమ్మా, నా కొడుకని నాకు మాత్రం లేదా," అన్నాడు తిప్పన్న. "ఊరి ఒట్టు. నేనేం చేసేది?"

"నువ్వేం చేయొద్దు బావా. కాస్త పక్కకి జరుగు, చాలు."

తిప్పన్న జరగలేదు. పుల్లన్నా జరగలేదు. సుంకమ్మ ఆ వరసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"మా ఊళ్ళో మేమే మంచోళ్ళం అంటారు. మీ ఊళ్ళో మీరూ మేమే మంచోళ్ళం అంటారు. రోజూ వింటున్నా. ఇంతమందిలో ఒక్క మంచోడుంటే పక్కకి జరగండి."

ఒక్కడూ జరగలేదు.

అప్పుడామె బిడ్డను గట్టిగా పట్టుకుని, మొగుడికీ బావకీ మధ్య భుజం దూర్చి తోసుకుని పోయింది. ఆమెను పట్టుకోవడానికి మాత్రం ఎవరికీ చెయ్యి లేవలేదు. అవతలి గట్టెక్కింది. అక్క ఇంట్లోకి పోయింది. బిడ్డకి కళ్ళు మూతలు పడి ఉన్నాయి. పెదవుల మీద పాలు పిండింది. మొదట కారిపోయాయి. మళ్ళీ పిండింది. కారిపోయాయి. మూడోసారి వాడు చప్పరించాడు.

బయట ఆట మళ్ళీ మొదలుపెట్టారు. సిగ్గుపడ్డారని చెప్పాలని నాకూ ఉంది, కాని చెబితే అబద్ధం. పొద్దుగూకేదాకా ఆడారు, ఎవరూ గెలవలేదు. ఒట్టు తప్పినందుకు అమ్మవార్లకి కోపం వస్తుందని చూశారు. రాలేదు. మర్నాడు పొద్దున్నే సుంకమ్మ వాగు దాటింది. ఆమె వెనక ఇంకో ఆడది దాటింది. ఆ వెనక ఊరే దాటింది. సుంకమ్మకి ఒక మంచిమాట చెప్పినవాడు లేడు. ఆమె అడగనూ లేదు. చాపలు అల్లుకుంటూ ముసలిదై, ఒక ఎండాకాలం పోయింది.

పోయాక మొదలైంది. ఆమె మా ఆడకూతురు అన్నది ఒక ఊరు. ఆమె పాలు తాగింది మా బిడ్డ అన్నది ఇంకో ఊరు. పాడె ముందుకొమ్ము పట్టింది ఆ బిడ్డే, అప్పటికి తల నెరిసినవాడు. వాడు ఎవరినీ ఏమీ అడగలేదు, పట్టుకున్నాడంతే.

ఈనాటికీ ఆ ఇసుకలో ఆట మొదలుపెట్టేముందు రెండు జట్లూ కలిసి నడిమధ్యన అడ్డంగా ఒక వరస కడతాయి. చంటిబిడ్డ తల్లి ఒకతె ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడుస్తుంది. వరస పక్కకి జరగాలి. ఆమె అవతలి గట్టెక్కేదాకా బంతిని ఎవరూ తాకరు.

ఆ రోజు మొదట పక్కకి జరిగింది ఎవరని పిల్లలు అడిగితే, నేరేళ్ళపల్లెవాళ్ళు మేమే అంటారు. ఈతలపాటివాళ్ళు మేమే అంటారు. నమ్మకండి. ఆ రోజు ఒక్కడూ జరగలేదు. అందుకే ఇప్పుడు ఏటేటా అందరూ జరుగుతున్నారు.