పులి తినేసిన సింగారి

ఎర్రకొండ కింద చేలల్లో మంచెలు కూలిపోయాయి, కరెంటు కంచెలు ఇంకా రాలేదు. ఆ రెంటికీ నడిమి కాలంలో జరిగిన సంగతి ఇది. మంచెలున్న రోజుల్లో ఆడపిల్లలు వడిసెల చేతబట్టి, పాట ఎత్తుకుని, పిట్టల్నీ కోతుల్నీ అదిలించేవాళ్లు. ఆ పిల్లలకు పెళ్లిళ్లయిపోయాయి. పాటలు ఎవరి వంటింటి పొగలో కలిశాయో తెలియదు. కోతులకు పెళ్లీ లేదు, వంటా లేదు కనుక వాటి పని అవి మానలేదు. మందలుగా దిగి, వేరుశనగ మొక్కలు పీకి, కాయలు ఒలుచుకు తిని, తొక్కలు చేలోనే ఉమ్మేసి పోయేవి.

ఆ చేలల్లో ఒకటి సుంకులమ్మది. దానికి ఇవతల, వాగు గట్టున ఆమె పశువుల కొట్టం. బోద కప్పు, చుట్టూ ముళ్లకంచె, వాకిట్లో రాతి తొట్టి, తొట్టి వెనక గడ్డివామి. సుంకులమ్మ పొద్దున్నే వచ్చేది, పొద్దు వాలేసరికి ఊళ్లోకి వెళ్లిపోయేది. ఆమె వీపు కనుమరుగైతే చాలు, కొట్టంలో నోళ్లు లేచేవి. తక్కువ మాట్లాడేది మైలెద్దు. అది వయసు పైబడి, నాగలి నుంచి తప్పుకుని, గుంజకు కట్టేసి ఉండేది. ఎక్కువ మాట్లాడేది మేక. అందరికీ పిల్లల్ని పెంచిపెట్టేది నాగులక్క అనే కోడిపెట్ట. పొద్దు తన వల్లే పొడుస్తోందనుకునేది దాని పుంజు.

ఇక కాపలా కుక్కలు, మొగుడూ పెళ్లాలు. మొగుడు గండు. ఒళ్లంతా నలుపు, మెడలో గజ్జెల పట్టీ, పగలంతా మొరుగుడు. పెళ్లాం సింగారి. ఒళ్లు గోధుమ రంగు, మెడలో గవ్వ కట్టిన తాడు. కాపలా కాసేది ఆమె, పేరు గండుది.

ఒకనాడు పొద్దున సింగారి కనిపించలేదు. పెళ్లాం కనిపించడం లేదని గండుకు మధ్యాహ్నం దాకా తెలియలేదు. ఆకలేశాక తెలిసింది. సుంకులమ్మ అప్పటికి చేలో పనిలో ఉంది.

"ఎక్కడ చచ్చిందిది? నా వాటా గంజికి కాపలా ఎవరు?" అన్నాడు.

అప్పుడే మేక కంచె సందులోంచి పడుతూ లేస్తూ వచ్చింది. "అయ్యో, కొంప మునిగింది! చేలో పులి! నా రెండు కళ్లతో చూశా. పచ్చటి ఒళ్లు, నల్లటి చారలు! కోతులన్నీ కొండెక్కి కూర్చున్నాయి. బావి దగ్గర... బావి దగ్గర సింగారక్క గవ్వతాడు పడి ఉంది!"

కట్టేసిన ఎద్దు తప్ప అందరూ గుంపుగా, కంచె అవతలే ఉన్న బావి దగ్గరికి పోయారు. బట్టలుతికే బండ పక్కన గవ్వతాడు. బండ మీద పసుపుపచ్చటి మరకలు, నల్లటి చుక్కలు.

చావు కబురు నక్కకు ఎలా తెలుస్తుందో నక్కకే తెలియాలి. వాగు అవతలి గుంటనక్క పిలవని పేరంటానికి వచ్చి, బండ చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, గొంతు సవరించుకుంది. దాని ఎడమ చెవి సగమే ఉండేది. మిగతా సగం ఏమైందని అడిగితే మాట మార్చేది.

"ఇది హత్య," అంది నక్క.

"నల్లటి చుక్కలేంటి మామా?" అన్నాడు గండు.

"నెత్తురు. ఎండితే నలుపెక్కుతుంది."

"మరి పసుపు మరకలు?" అంది నాగులక్క.

"పైత్యం. భయపడి కక్కుకుంది. ఆడకూతురు కదా."

"సింగారి వదిన భయపడటం నేనెన్నడూ చూడలేదే!"

"చూడకేం? చచ్చేముందు అందరూ భయపడతారు," అని నక్క గండు వైపు తిరిగింది. "ఏం అల్లుడూ, ఇంత జరుగుతుంటే నువ్వెక్కడున్నావు?"

గండు వెనక కాలు ఉన్నట్టుండి కుంటింది. "పోరాడాను మామా! పంజా విసిరితే ఇదిగో, ఈ కాలికి తగిలింది. సింగారి నా కళ్లముందే..." అని ముట్టె పైకెత్తి ఏడుపు అందుకున్నాడు.

నిన్న సాయంత్రం ఆ కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంటే పళ్లతో లాగింది సింగారే. ఆ సంగతి మైలెద్దుకు తెలుసు. గుంజ దగ్గర్నుంచి అంతా వింటూనే అది నెమరు ఆపలేదు.

పొద్దు వాలింది. సుంకులమ్మ ఊళ్లోకి వెళ్లిపోయింది. కొట్టం ముందు అందరూ కూర్చుని ఉండగా, కంచె తలుపు దగ్గర పచ్చటి ఒళ్లు కదిలింది. నల్లటి చారలు కదిలాయి.

"పులోయ్!" అంది మేక.

ముందుగా కంచె దూకినవాడు గండు. కుంటికాలు ఎక్కడ పోయిందో గానీ, గజ్జెల మోత వాగు దాటింది. పుంజు వాసం ఎక్కింది. నక్క పొదలో దూరింది. గండు కన్న కూతురు, పాలు మరవని చిట్టి కూన, వాకిట్లో ఒక్కతే నిలబడిపోయింది. నాగులక్క ఎగిరిపోతూ పోతూ వెనక్కి వచ్చి, రెక్కతో తోసి గంపను కూన మీద బోర్లించి, అప్పుడు వాసం ఎక్కింది.

పులి వాకిట్లోకి వచ్చి ఖాళీ వాకిలి చూసింది. గంపను చూసింది. గుంజకు కట్టేసిన ఎద్దును చూసింది. గడ్డివామి వెనక్కి పోయి, కాళ్లతో గడ్డిని నాలుగుసార్లు కెలికి, గుండ్రంగా తిరిగి తిరిగి పడుకుంది.

పులులు అలా తిరగవని మైలెద్దుకు తెలుసు. చలికాలంలో తన పొట్టకు వీపు ఆనించి పడుకునే ముందు ఎవరు అలా తిరిగేవారో కూడా తెలుసు.

అసలు జరిగింది ఇది. కోతుల బాధ పడలేక, సుంకులమ్మ తెల్లారే సింగారిని బావి దగ్గరికి తీసుకుపోయింది. బకెట్లో పసుపు కలిపి ఒళ్లంతా పూసింది. తన మొగుడు మీసాలకు వేసుకునే నల్లరంగుతో చారలు గీసింది. గవ్వతాడు కట్టుకున్న పులికి ఏ కోతీ బెదరదు కనుక తాడు విప్పేసింది. "చేను నీది, కాసుకో తల్లీ" అంది. సింగారి పగలంతా గట్టు మీద తిరిగితే ఒక్క కోతి దిగలేదు. చేపు వచ్చి పొదుగు బరువెక్కేసరికి ఇంటికి బయలుదేరింది. ఇంటికొస్తే ఇదీ వరస!

'నేనే' అని అరుద్దామనుకుంది. ఈలోగా, పులి పోయిందనుకుని ఒక్కొక్కరే వాకిట్లో చేరారు. ఏడుపులు మొదలయ్యాయి. పోయాక నలుగురూ ఏమంటారో వినే యోగం ఎవరికి దక్కుతుంది? సింగారి నోరు మూసుకుని చెవులు రిక్కించింది.

"ఎంత మంచిదో!" అంది మేక. "చేలో పడి మేస్తుంటే ఎన్నిసార్లు పట్టుకుంది! ఒక్కసారీ గట్టిగా కరవలేదు."

"నా గూడుకు అడ్డంగా పడుకునేది," అంది నాగులక్క. "వానొస్తే నేను లోపల, తను బయట. ఆ తడిసిన బొచ్చు వాసన ఉంటేనే నాకు నిద్రపట్టేది. ఇవాళ గూట్లో ఎలా పడుకోను?"

"మంచె ఉన్న రోజుల్లో సింగారి తల్లి ఉండేది," అంది మైలెద్దు. "మంచె మీద పిల్లలు పాడుతుంటే కింద కూర్చుని గొంతు కలిపేది. అప్పుడు సింగారి నా గిట్టంత ఉండేది. కూలిన మంచె కర్రల దగ్గరికి నిన్నటిదాకా రోజూ పోయి వాసన చూసి వచ్చేది. ఎందుకే అంటే, పాట ఇంకా కొంచెం ఉంది పెద్దన్నా అనేది."

వామి వెనక గడ్డి కదిలింది. గాలి అనుకున్నారు.

"నీకేం గుర్తుంది గండూ?" అంది మైలెద్దు.

"మొదటి ముద్ద నాకే వదిలేది మహాతల్లి. చందమామ లాంటి కళ్లు!"

సింగారి కళ్లలో ఒకదానికి చిన్నప్పటి నుంచీ పూత ఉంది. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు. మొదటి ముద్ద సంగతైతే, ఆమె వదల్లేదు, అతను లాక్కున్నాడు.

అప్పుడు నక్క అసలు మాట ఎత్తింది. "ఏడ్చింది చాలు. నేను పులితో మాట్లాడి వచ్చాను."

"నువ్వా! ఎప్పుడు?"

"ఇప్పుడే, పొదలో. మీ కోసమే. రోజుకో కోడిపెట్టను పంపితే కొట్టం జోలికి రానని మాటిచ్చింది. మోసుకుపోయే శ్రమ నేను పడతాలే. ఇవాళ్టికి నాగులక్క."

"పెట్టే ఎందుకు? పుంజును పంపకూడదా?" అంది నాగులక్క.

"నేను పోతే రేపు పొద్దు ఎవరు పొడిపిస్తారు?" అంది పుంజు వాసం మీంచి.

"పులికి మెత్తటి మాంసం ఇష్టం," అంది నక్క. "ఏం గండూ, ఇంటి మగవాడివి, చెప్పు."

గండు ఛాతీ విరిచాడు. "అందరి క్షేమం కోసం ఒక ఆడది త్యాగం చేస్తే తప్పేముంది? నా పెళ్లాం చేయలేదా?"

నాగులక్క అందరి ముఖాలూ చూసింది. మేక గడ్డి వైపు చూసింది. ఎద్దు మెడలో పలుపు బిగిసింది. "పోతాను," అంది నాగులక్క చివరికి. "ఆ గంప కింద కూన ఉంది. దానికి ఇంత గంజి ఎవరైనా..."

వామి వెనక నుంచి పులి లేచి వచ్చింది.

ఈసారి పరిగెత్తడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. నక్క మాత్రం నేల మీద సాగిలపడింది. "దొరా! మీ భోజనం సిద్ధం చేస్తున్నా!"

"దొర ఏమిటి? పులి అనగానే మగదే అనుకున్నావా?"

"తప్పయిపోయింది దొరసానీ!"

గొంతు సింగారిదే. అయినా ఎవరూ పోల్చుకోలేదు. బతికున్నప్పుడు ఆ గొంతును విన్నదెవరు గనక! వాసన పడదామంటే మీసాల రంగు ఘాటు. దగ్గరికి పోయి ముక్కు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

"నీతో నేనెప్పుడు మాట్లాడాను నక్కా?"

"మీరు... కళ్లతో సెలవిచ్చారు. నేను అర్థం చేసుకున్నా."

పులి గండు వైపు తిరిగింది. "నువ్వు నాతో పోరాడావటగా. ఏ పంజాతో కొట్టాను?"

"కుడి... ఎడమ... అమ్మా తల్లీ, నేను పోరాడలేదు. నిన్ను చూసిందే ఇందాక!"

"మరి కాలు?"

"తుమ్మముల్లు!"

"లాగిందెవరు?"

గండు తల వంచుకున్నాడు. "మా ఆడది."

"నేను వాకిట్లోకి వచ్చినప్పుడు దూకి పారిపోయావే, బిడ్డను నోట కరుచుకున్నావా?"

గండు రెండడుగులు వెనక్కి వేశాడు. ఇదే అదననుకుంది నక్క. "దొరసానీ, ఈ ముసలి పెట్టలో ఏముంది, ఈకలు! లేత కూన ఉంది. ఆరగించండి," అని గంపను కాలితో తన్నింది.

కూన బయటపడి కళ్లు చికిలించింది. నాగులక్క ఒక్క ఉదుటున ఎగిరి కూనకూ పులికీ మధ్య వాలి రెక్కలు చాచింది. కన్నతండ్రి తోక కాళ్లమధ్య పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. కూన ముక్కు ఎగరేసింది. నాగులక్క రెక్క కిందుగా దూరి, పడుతూ లేస్తూ తిన్నగా పులి పొట్ట కిందికి పోయింది.

వాకిట్లో ఒక్కటే చప్పుడు. కూన పాలు చీకుతున్న చప్పుడు.

నక్క ముందు నోరు తెరిచింది, తర్వాత పులి వెనక వైపు చూసింది, ఆ తర్వాత పకపకా నవ్వింది. "ఓరి మీ అమాయకత్వం కాలా! తోక చూడండి, తోక! వంకర! ఇది పులా? ఒట్టి కుక్క!"

"తోక వంకరే," అంది మైలెద్దు నింపాదిగా. "పళ్లు మాత్రం తిన్ననివే. ఏ కుక్కో కూడా చూసుకో."

నక్క చూసింది. పూత పడిన కన్ను తన వైపే తిరిగి ఉంది. సగం చెవి ఉన్నట్టుండి జిలపెట్టింది. పోయినేడు కోళ్ల గూటి దగ్గర మిగతా సగం ఎవరి నోట్లో ఉండిపోయిందో అప్పుడు గుర్తొచ్చింది. పులితోనైతే బేరం ఆడొచ్చు. సింగారితో ఏం బేరం?

నవ్వు గొంతులో ఉండగానే పరుగు అందుకుంది. సింగారి కూనను నాగులక్క వైపు నెట్టి వెంట పడింది. కంచె దాటేటప్పుడు నక్క తోకబొచ్చు సగం ముళ్లకు, సగం సింగారి పళ్లకు దక్కింది. మళ్లీ ఆ వాగు ఇవతల నక్క ఊళ వినిపించలేదు.

సింగారి రొప్పుతూ తిరిగొచ్చేసరికి అందరూ చుట్టూ మూగారు.

"నేను అప్పుడే కనిపెట్టాను, నువ్వేనని," అన్నాడు గండు.

"అందుకే కంచె దూకావా?"

మేకకు ఇంకా అయోమయం తీరలేదు. "అయితే అక్కా, సింగారిని చంపిందెవరు మరి?"

"ఇంకా ఎవరూ చంపలేదే," అంది సింగారి. "ప్రయత్నాలు మాత్రం పెళ్లయిన నాటి నుంచీ సాగుతున్నాయి."

నాగులక్క నవ్వీ నవ్వీ తొట్టి మీంచి జారిపడింది. ఆ రాత్రి గూటి ముందు తడిబొచ్చు వాసనకు బదులు పసుపు వాసన వేసింది. అయినా కోళ్లన్నీ నిద్రపోయాయి.

ఈ సంగతి కోతులకు చెప్పకూడదని అందరూ ఒట్టు వేసుకున్నారు. మేక చేత సింగారి విడిగా మరోసారి వేయించింది. కాయ ఎండి, సుంకులమ్మ చేను పీకి బస్తాలకెత్తేదాకా కొండ మీంచి ఒక్క తోక దిగలేదు. పగలు గట్టు మీద కాస్తూ సింగారి అప్పుడప్పుడు కూలిన మంచె కర్రల దగ్గర ఆగి, ముట్టె పైకెత్తి ఏదో సన్నగా ఊళ తీసేది. ఎద్దు ఒక్కటే చెవి అటు తిప్పేది.

ఆ తర్వాత వానొచ్చింది. పసుపు కరిగింది, చారలు కారిపోయాయి. సింగారి వాకిట్లో ఒళ్లు దులుపుకుని పాత సింగారై నిలబడింది. గండుకు ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రం సుంకులమ్మ గంజన్నం పోయగానే, అలవాటు ప్రకారం మొదటి ముద్దకు ముట్టె చాచాడు. సింగారి మొరగలేదు, పళ్లు చూపలేదు. ఊరికే చూసింది. గండు ముట్టె వెనక్కి తీసుకుని, "ముందు నువ్వు తిను," అన్నాడు.

ఇప్పుడక్కడ కొట్టం లేదు, గడ్డివామి లేదు. చేల చుట్టూ కరెంటు తీగలు, రాత్రంతా ఒకటే గుయ్యిమనే చప్పుడు. తీగకు పాట రాదు. కానీ ఆ ఊళ్లో ఎక్కడైనా ఆడకుక్క ముందు తిని, మగకుక్క పక్కన కూర్చుని ఎదురుచూస్తుంటే, అది సింగారి కూతురి సంతతి అనుకోవచ్చు.

నీతి: పూసిన చారలు వానకు పోతాయి, పట్టిన భయం మాత్రం పోదు.