సింగమ్మ మూడు పొయ్యిలు

పూర్వం ఒక రాజ్యంలో బాటసారుల సత్రానికి చిదంబరయ్య అధికారి. ఎన్ని గదులు ఖాళీగా ఉన్నా, కుటుంబానికి ఒక్క గదికి మించి తాళం తీసేవాడు కాదు.

ఒక సాయంత్రం జోరువానలో బుట్టలల్లే సింగమ్మ ముగ్గురు కొడుకులతో, కోడళ్ళతో, మనవలతో వచ్చింది. చూపించిన గది నలుగురు నడుం వాల్చడానికే ఇరుకు.

"ఇంకో రెండు గదులిప్పించండి బాబూ, పసిపిల్లలున్నారు."

"కుదరదు. కుటుంబానికి ఒకటే గది."

"కుటుంబమంటే ఎవరెవరు బాబూ?"

"ఆ మాత్రం తెలీదా? ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒక కుటుంబం," అన్నాడు చిదంబరయ్య మీసం దువ్వుకుంటూ.

సింగమ్మ తలూపి వసారాలోకి వెళ్ళింది. కాసేపటికి అక్కడ మూడు పొయ్యిలు వెలిగాయి. ఒక్కో పొయ్యి ముందు ఒక్కో కోడలు కూర్చుంది.

"మా పిల్లలు వేరుపడ్డారు బాబూ," అంది సింగమ్మ.

చిదంబరయ్యకు ఒళ్ళు మండింది. కానీ ఆ మాట అన్నది తనే. మూడు గదులూ తెరిచాడు.

తీరా చూస్తే ఒక పొయ్యి మీద అన్నం, ఇంకోదాని మీద పప్పు, మూడోదాని మీద పులుసు ఉడికాయి. అందరూ ఒకే బంతిలో కూర్చుని తింటున్నారు.

"కలిసే తింటున్నారే! రెండు గదులు ఖాళీ చెయ్యండి!" అని అరిచాడు చిదంబరయ్య.

"ఇప్పుడే రాజీపడ్డాం బాబూ. చెయ్యమంటే చేస్తాం. కానీ ఇంతమందిమి ఆ గదిలో పడుకుంటే తెల్లారేలోగా కొట్టుకుని మళ్ళీ వేరుపడతాం. తాళాల కోసం మళ్ళీ మిమ్మల్నే లేపాలి," అంది సింగమ్మ.

చిదంబరయ్య తాళాలగుత్తి ఆమె పక్కన పెట్టి, పడుకోవడానికి వెళ్ళాడు.