నేల తాకని చక్రం

సోమయ్యగారికి ఒక అలవాటు. ఎవరు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పరు, "ఏదీ, చూపించు" అంటారు. ఐటీఐలో ముప్పై ఏళ్ళు ఫిట్టరు పని నేర్పిన మనిషి, చెడిన వస్తువు కళ్ళబడనిదే ఆయన నోరు పెగలదు. ఏజెన్సీలో ఉన్న ఆయన శిష్యులందరికీ ఈ సంగతి తెలుసు. అయినా డిసెంబరు మంచులో ఒక పొద్దున జోగులు రొప్పుతూ వచ్చి, చూపించడానికి వీల్లేని ప్రశ్న ఒకటి అడిగాడు.

"గురువుగారూ, ఒక మనిషి కుంగిపోకుండా ఓ అబద్ధాన్ని నిలబెడితే తప్పేటండీ?"

"ఏదీ, చూపించు" అన్నారాయన, మఫ్లరు చెవులకు చుట్టుకుంటూ.

దారిలో జోగులు అంతా కక్కేశాడు. రెండేళ్ళ కిందట ఇలాంటి మంచులోనే అతని అన్న కన్నయ్య మోటారు సైకిలు మీద వెళ్ళి ఘాటు రోడ్డు మలుపులో మాయమయ్యాడు. బండి మాత్రం తాళంచెవితో సహా చక్కగా స్టాండు వేసి ఉంది. లోయంతా గాలించినా మనిషి జాడ లేదు. వదిన రత్నాలు బండి అమ్మనివ్వలేదు, కర్మకాండలు చెయ్యనివ్వలేదు. చలికాలం మూణ్ణెల్లూ బండి కదలకపోతే ముందు టైరు ఒకేచోట నొక్కుకుపోతుందని జోగులు ఈ ఏడు ముందు చక్రాన్ని ఎత్తి ఉంచే స్టాండు కోసం తెగ తిరిగాడు. కొన్నవి ఆ పాత బండికి కుదరలేదు, చెక్క దిమ్మ పెడితే జారింది. చివరికి హ్యాండిలు మెడను కింద నుంచి పట్టి ఎత్తేలా ఇనుప గొట్టాలతో తనే ఒకటి వెల్డింగు చేసుకున్నాడు. ముందు చక్రం నేలకు బెత్తెడు ఎత్తున నిలిచింది.

బేరింగులు బిగుసుకుపోకుండా ఎత్తిన చక్రాన్ని రోజూ కాసేపు తిప్పాలని నేర్పింది సోమయ్యగారే. ఆ బండికి మీటరు ముందు చక్రంతోనే తిరుగుతుందన్న సంగతి జోగులుకి తట్టలేదు. వారం తిరిగేసరికి మీటరులో చివరి అంకె మారింది. అది వదిన చూసింది. "మీ అన్న బండి తీసేడు" అని, రెండేళ్ళుగా సరిగా మెతుకు ముట్టని మనిషి ఆ పూట కడుపునిండా తింది. పాపం, జోగులు మనసు కరిగిపోయింది. ఆ రోజు నుంచి చేతులు పడిపోయేలా ఐదువందల చుట్లు తిప్పి, పూటకో కిలోమీటరు పెంచుతూ వచ్చాడు.

తర్వాత అతనికి జ్వరం తగిలింది. నాలుగు రోజులు మంచం దిగలేదు. ఆ నాలుగు రోజులూ వదిన పొద్దున్నే వచ్చి అంకె చదివి చెప్పేది. రోజుకి తొమ్మిదేసి కిలోమీటర్లు. ఇంటి నుంచి ఆ మలుపు సరిగ్గా తొమ్మిది కిలోమీటర్లే.

"ఇయ్యాల అన్నకి ఎదురెల్తానంటోందండీ" అన్నాడు జోగులు. "ఈ మంచులో ఆ మలుపులోకి ఎల్తే మళ్ళీ తిరిగి రాదు."

షెడ్డులో రత్నాలు శాలువా కప్పుకుని, చెప్పులేసుకుని సిద్ధంగా ఉంది. వాళ్ళను చూసి పలకరింపుగా తలూపింది. సోమయ్యగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "దింపు" అన్నారు.

జోగులు స్టాండు వదులు చెయ్యబోతూ ఒక చేత్తో టైరు పట్టుకున్నాడు. వెచ్చగా తగిలింది. గాడుల్లో తడి ఎర్రమట్టి ఉంది. షెడ్డు నేలంతా సిమెంటే. అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అయినా స్టాండు లాగేశాడు. చక్రం నేలకు ఆనింది, బండి బరువంతా దానిమీద పడి ముందు భాగం నెమ్మదిగా కుంగింది.

"వదినా, ఆ అంకె తిప్పింది నేనే. నువ్వు తింటావని తిప్పేను" అన్నాడు జోగులు, తల ఎత్తకుండా.

"నాకు తెల్దేటి? నువ్వు తిప్పితే గోడవతల నాకు ఇనబడేది" అందామె మెల్లగా. "నీకు జొరమొచ్చిన నాలుగు రోజులూ కూడా ఇనబడింది జోగులూ. అప్పుడు ఇంకా జోరుగా తిరిగేది."

రత్నాలు ఆ చక్రం మీద చెయ్యి వేసి ముందుకు తొయ్యబోయింది. అది కదల్లేదు. రెండు చేతులూ వేసి మళ్ళీ తోసింది. అప్పుడు అక్కడే నేలమీద కూలబడి, రెండేళ్ళలో మొదటిసారి, మొగుడి పేరు పెట్టి బిగ్గరగా ఏడ్చింది. చాలాసేపటికి లేచి, చెప్పులు విడిచి, ఇంట్లోకి వెళ్ళింది.

సోమయ్యగారు బయటికి నడిచారు. జోగులు ఆయన వెనకే పరుగెత్తాడు.

"గురువుగారూ, మరి ఆ నాలుగు రోజులూ తిప్పిందెవరండీ?"

ఆయన ఆగకుండానే అన్నారు: "చక్రాన్ని గాల్లో పెట్టింది నువ్వు. అబద్ధమైనా చక్రమైనా, నేల తాకనిదాన్ని ఎవరు తోసినా తిరుగుతుంది. తిప్పిందెవరని నన్నడుగుతావేం?"